గోడ దాకా నూట నలభై అంగలు

ఛాతీ జబ్బుల ఆసుపత్రి, నాలుగో వార్డు
ఫిబ్రవరి 6

ఒరేయ్ బామ్మర్దీ,

కవరు మీద నా చేతిరాత చూసి వీలునామా అనుకోకు. ఇంకా బతికే ఉన్నాను. ఫోన్ చేద్దామంటే క్వారీలో బండలకి మందు పేల్చేచోట ఫోన్లు ఉండనివ్వరు. ఉన్నా నా దగ్గు తప్ప నీకేమీ వినిపించదు. నాలుగు మాటలకోసారి ఆగి గాలి పీల్చుకోవలసి వస్తోంది. రాయడానికి ఊపిరి ఖర్చు కాదు కాబట్టి ఇక నుంచి నిన్ను తిట్టడం కూడా ఉత్తరాల్లోనే.

ఇక్కడి డాక్టరమ్మది నా కూతురి వయసు. నోట్లో ఒక గొట్టం పెట్టి బలంగా ఊదమంది. ఊదాను. ఇంకా ఊదండి అంది. ఊదుతూనే ఉన్నానమ్మా అన్నాను. కాగితం మీద గీత పైకి లేవనే లేదు. రోజుకి ఎన్ని సిగరెట్లు తాగుతారంటే పది అన్నాను. వెనక నుంచి మీ అక్క, "రెండు పెట్టెలమ్మా, ముప్పై ఎనిమిదేళ్ళుగా" అని నా పరువు కాస్తా తీసేసింది. నా ఊపిరితిత్తుల్లో పావు వంతే పనిచేస్తోందట. పోయిన ముప్పావు తిరిగి రాదట. ఇప్పుడు మానేస్తే ఈ పావైనా కొన్నాళ్ళు నిలుస్తుంది, లేకపోతే అదీ పోతుందని మొహం మీదే చెప్పింది.

పక్క మంచం మీద ఒక బస్ కండక్టరు. పొగ వల్లే కాలి రక్తనాళాలు పూడుకుపోయి కుడి కాలు మోకాలి దాకా తీసేశారు. ఎడమ కాలి బొటనవేలు కూడా నల్లబడింది. ఆ మనిషి పొద్దున లేవగానే నా వైపు తిరిగి, "అన్నా, ఒక్క దమ్ముందా?" అంటాడు.

మొదట్లో నేను నవ్వేవాణ్ణి. సిగరెట్ లేకుండా నాలుగో రోజుకి ఆ నవ్వు దిగిపోయింది. ఒళ్ళంతా చీమలు పాకినట్టు ఉంది. దిండు కింద దాచుకున్న పెట్టెను వార్డు అటెండరు చూసి లాక్కున్నాడు. స్టీలు గ్లాసుతో అతని ముక్కు మీద కొట్టాను. ఎముక విరిగిన చప్పుడు నాకు వినిపించింది. అయినా పెట్టె వదల్లేదు, మొండిఘటం. మీద పడి వేలు కొరికాను. నోట్లోకి నెత్తురు వచ్చింది. నలుగురు కలిసి నా చేతులు మంచం కమ్ములకి కట్టేశారు. అరవై ఒకటో ఏట, ఒక సిగరెట్ కోసం ఇంకో మనిషి వేలు కొరికాను నేను.

సంగతేమిటంటే, నువ్వూ మానెయ్. నీకు నలభై ఆరే. నీ దగ్గర పావు కన్నా ఎక్కువే మిగిలి ఉంటుంది.

నీ బావ

*

క్వారీ షెడ్డు
ఫిబ్రవరి 19

బావా,

అటెండరు సంగతి షెడ్డులో అందరికీ చదివి వినిపించాను. మంచం మీదున్నా పెద్ద మేస్త్రి పెద్ద మేస్త్రే అని తెగ మురిసిపోయారు.

మానెయ్ అని ఎంత తేలిగ్గా రాశావు! నేను మానేస్తే ఇక్కడ మందు వత్తి ఎవరు అంటిస్తారు, మీ డాక్టరమ్మా? ఇరవై రెండేళ్ళ కిందట నా నోట్లో మొదటి సిగరెట్ పెట్టింది నువ్వే. అగ్గిపుల్ల గాలికి ఆరిపోతుంది, సిగరెట్ నిప్పు ఆరదు, బండలో మందు కూరిన ఎనిమిది కన్నాలుంటే ఎనిమిది వత్తులూ ఒక్క సిగరెట్‌తో అంటించాలి, అది సగం కాలేసరికి గోడ వెనక ఉండాలి అని నేర్పిందీ నువ్వే. సిగరెట్టే నిప్పు, సిగరెట్టే గడియారం అనేవాడివి. బండ నుంచి గోడకి నూట నలభై అంగలు. ఇవాళ్టికీ అలాగే చేస్తున్నాను. వేరే క్వారీల్లో తీగలు లాగి దూరం నుంచి బటన్ నొక్కుతారట. అది లిఫ్ట్ నడిపేవాడి పని, మన పని కాదు.

మేనేజరు మాత్రం రోజూ నా ప్రాణం తీస్తున్నాడు. పదిహేను రోజులు రావలసిన వత్తి చుట్ట పది రోజులకే అయిపోతోందట. నేనేమైనా దాన్ని నమిలి మింగుతున్నానా?

నీ మాట కాదనలేను, అది నీకూ తెలుసు. రెండేళ్ళ కిందట బండకి కన్నాలు వేసే మన డ్రిల్లరు పేలుడులో పోయిన రోజు నువ్వు నోరు విప్పి ఉంటే నేను ఇప్పుడు జైల్లో ఉండేవాణ్ణి. అందరూ గోడ వెనక ఉన్నారని నువ్వు మూడు విజిల్స్ ఊదాక గదా నేను వత్తి అంటించాలి. గాలి హోరులో నాకు ఒక్కటీ వినిపించలేదు. నువ్వు చెయ్యెత్తడం కనిపించింది, అంటించేశాను. రెండే ఊదాను, మూడోదానికి నువ్వు ఆగలేదురా అని నాకు చెప్పావు. విచారణలో మాత్రం మూడూ ఊదానని, డ్రిల్లరే లెక్కచెయ్యకుండా గోడ వెనక నుంచి బయటికి వెళ్ళాడని చెప్పి నన్ను ఒడ్డున పడేశావు. అది నేను మర్చిపోను. కానీ ఆ రోజు నుంచి నా రెండు పెట్టెలు మూడయ్యాయి బావా. అవి కూడా లేకపోతే నేను ఎలా ఉండాలి?

అక్కను అడిగానని చెప్పు.

నీ బామ్మర్ది

*

నాలుగో వార్డు
మార్చి 2

ఒరేయ్,

వత్తి చుట్ట పది రోజులకే ఎందుకు అయిపోతోందో మేనేజరుకి తెలియకపోవచ్చు, నాకు తెలుసు. ఒక్కో వత్తికీ మూరెడు ఎక్కువ వదిలి కోస్తున్నావు. పరుగెత్తడానికి ఊపిరి చాలడం లేదు నీకు. దారిలో ఆగుతున్నావు. ఆగేందుకు టైము కావాలి గనుక వత్తి పొడుగు చేస్తున్నావు. అవునా కాదా?

బుకాయించకు. ఆ పని నేనూ చేశాను. ఇంకో ఆర్నెల్లకి ఆ మూరెడూ చాలదు.

రేపు మందు లేకుండా ఉత్తినే బండ నుంచి గోడ దాకా పరుగెత్తు. చేరగానే విజిల్ ఊదు. గట్టిగా మోగిందంటే నీ జోలికి రాను. మోగకపోతే సిగరెట్ మానాలి, మళ్ళీ ఊపిరి వచ్చేదాకా వత్తి ముట్టకూడదు.

మీ అక్క నాలుగు రోజులు ఇంటి దగ్గర ఉండి వస్తానని వెళ్ళింది. బాగానే ఉంది.

బావ

*

క్వారీ షెడ్డు
మార్చి 17

బావా,

అక్క బాగానే ఉందని రాశావు. నీ ఉత్తరం అందగానే ఆదివారం మీ ఇంటికి వెళ్ళి చూశాను ఎంత బాగుందో. పై పెదవి చీలింది, పక్కనున్న పన్ను కదులుతోంది, చెంప మీద నాలుగు వేళ్ళూ తేలి ఉన్నాయి. తలుపు తగిలిందంది. తలుపుకి వేళ్ళు ఎప్పుడు మొలిచాయో నువ్వే చెప్పాలి. నీ ముక్కుకి పెట్టిన గొట్టం పీకి నీ మెడకే బిగించాలనిపించింది. రెండు నెలలుగా నీ ఉమ్ము ఎత్తి పోస్తున్న మనిషి మీద చెయ్యెలా లేచింది నీకు?

ఇంకో నాలుగు మాటలు రాసేవాణ్ణే. రాసే మొహం నాకూ లేదు. నువ్వు చెప్పావని మానేశాను. ఐదు రోజులు. ఐదో రోజు మధ్యాహ్నం టిప్పరు డ్రైవరు నా ఎదురుగా కూర్చుని టీ గ్లాసులో చెంచా తిప్పుతున్నాడు. టింగు టింగుమని అదే చప్పుడు. ఆపరా అన్నాను. నవ్వి ఇంకాస్త తిప్పాడు. ఆ తర్వాత నాకు తెలిసింది, అతని ఛాతీ మీద కూర్చుని హెల్మెట్‌తో మొహం మీద కొడుతున్నానని. ముగ్గురు లాగితే గానీ లేవలేదు. అతని కన్ను పూర్తిగా మూసుకుపోయింది. పదేళ్ళుగా నా పక్కన కూర్చుని తిన్నవాడు, ఇప్పుడు నేను లోపలికి వస్తే తను బయటికి పోతున్నాడు.

ఆ సాయంత్రమే మళ్ళీ మొదలుపెట్టాను. పనికి మాత్రమే, వత్తి అంటించడానికి ఒక్కటి అనుకున్నాను. మూడో రోజుకి ఎప్పటిలాగే మూడు పెట్టెలు.

నీ పరీక్ష అయింది. పరుగెత్తాను, విజిల్ ఊదాను, గట్టిగా మోగింది. ఇంక నా జోలికి రాకు. అక్క జోలికి అసలే వెళ్ళకు.

బామ్మర్ది

*

నాలుగో వార్డు
మార్చి 25

ఒరేయ్,

కొట్టాను. తలుపు కాదు, నేనే. అటెండరుకి తెలియకుండా కండక్టరు ఎలాగో తెప్పించి ఇచ్చిన నాలుగు సిగరెట్లూ మీ అక్క నలిపి బాత్రూములో పారేసింది. ఎందుకు పారేశావని అడగనైనా అడగలేదు, కొట్టేశాను. తను ఏడవలేదు. కింద పడ్డ కళ్ళద్దాలు తీసుకుని తుడుచుకుంది. ఆ తర్వాత నా వీపు రాసింది, నాకు దగ్గు తెర వచ్చింది కాబట్టి. ముప్పై నాలుగేళ్ళ కాపురంలో నేనింత సిగ్గుపడింది లేదు. అయినా ఆ నిమిషంలో నేను ఆలోచించింది బాత్రూములో ఒకటైనా తడవకుండా మిగిలిందేమోనని. ఈ జబ్బు ఎలాంటిదో నీకు తెలియాలని రాస్తున్నాను.

ఇక నీ అబద్ధం సంగతి. పరుగు అంత బాగుంటే వత్తి పొడుగ్గా కోయడం ఎందుకు? విజిల్ మోగలేదు. నీ మొహం నాకు ఇక్కడి నుంచే కనిపిస్తోంది. మేనేజరుతో చెప్పి ఆ తీగల పెట్టె తెప్పించు. లిఫ్ట్ నడిపేవాడి పనే అనుకో, నడిపేవాడు సాయంత్రానికి ఇంటికి వెళ్తాడు.

బావ

*

ఎముకల ఆసుపత్రి
ఏప్రిల్ 20

బావా,

రాత వంకరగా ఉంటే తిట్టకు, ఎడమ చేత్తో రాస్తున్నాను.

పోయిన సోమవారం ఎనిమిదీ అంటించి పరుగు తీశాను. తొంభై అంగల దగ్గర గాలి ఆగిపోయింది. మెల్లగా తగ్గడం కాదు, ఎవరో లోపల కుళాయి కట్టేసినట్టు ఆగిపోయింది. మోకాళ్ళ మీద పడ్డాను. గోడ కనిపిస్తోంది, గోడ వెనక అందరూ చేతులు ఊపుతూ అరుస్తున్నారు, నాకు మాత్రం కాలు లేవడం లేదు. పక్కన తవ్వే యంత్రం ఇనప బొచ్చె బోర్లించి ఉంటే దాని పక్కకి పాకాను. సగం ఒళ్ళు దాని చాటున, సగం బయట. మొదటి కన్నం పేలింది. నేల నా పొట్ట కింద ఎగిరింది. రెండోదానికి రొట్టెంత రాయి వచ్చి హెల్మెట్‌ను రెండు ముక్కలు చేసింది. నాలుగోదానికి భుజం పోయింది. ఎముక తెల్లగా బయటికి వచ్చింది, చూశాను. మిగతావి పేలినప్పుడు మట్టిలో మొహం పెట్టుకుని లెక్కపెట్టాను, ఇంకేం చేయను?

దుమ్ము దిగాక అందరూ పరుగెత్తుకొచ్చారు. నేను అడిగిన మొదటి మాట ఏమిటో తెలుసా? "ఒక సిగరెట్ వెలిగించి నోట్లో పెట్టండ్రా." పెట్టారు. నా చేత దెబ్బలు తిన్న ఆ టిప్పరు డ్రైవరే పెట్టాడు. ఆ దమ్ము లాగుతుంటే ఎంత సుఖంగా ఉందని!

భుజంలో రేకు బిగించారు. జూన్‌కి మళ్ళీ పనిలోకి వెళ్తాను. నువ్వు మానమని మళ్ళీ మొదలుపెట్టకు. నిజం చెబుతున్నాను విను. ఆ బొచ్చె పక్కన పడి ఉన్నప్పుడు నాకు భయం వేయలేదు. పోతే పోనీ అనిపించింది. డ్రిల్లరు ప్రాణం నేను తీశాను, నాది పోతే చెల్లుకు చెల్లు. ఆ రోజు అతని భార్య గేటు దగ్గర నిలబడి, "నీళ్ళ సీసా మర్చిపోయి వెళ్ళాడు, లోపలికి ఇస్తారా?" అని నన్నే అడిగింది. అప్పటికి అతను పోయి గంట అయింది. సీసా తీసుకున్నాను బావా. లోపలికి వెళ్ళి ఏం చేయాలో తెలియక ఆ నీళ్ళు నేనే తాగాను. అలాంటివాడికి ఊపిరితిత్తులు ఎందుకు?

బామ్మర్ది

*

నాలుగో వార్డు
ఏప్రిల్ 28

ఒరేయ్,

ఇది కూర్చుని చదువు. నేను ఆగి ఆగి మూడు రోజులు రాశాను.

చెల్లుకు చెల్లు అన్నావు. నువ్వు తీర్చాల్సినది కాదు అది. ఆ రోజు నేను విజిల్ ఊదలేదు. మూడు కాదు, రెండు కాదు. ఒక్కటి కూడా ఊదలేదు.

గోడ దగ్గర తలలు లెక్కపెట్టాను. ఒకటి తక్కువ వచ్చింది. చూస్తే డ్రిల్లరు బండ మీద గట్టు దగ్గర ఉన్నాడు, మర్చిపోయిన డ్రిల్లు మొన, ఆ బిట్టు కోసం వెళ్ళాడు. మా వైపు వీపు పెట్టి బిట్టుకి అంటిన మట్టి దులుపుతున్నాడు. నువ్వు కింద సిగరెట్ పట్టుకుని నా సైగ కోసం చూస్తున్నావు. ఆగమని ఒక పొడుగు విజిల్ ఊదాలని నోట్లో పెట్టుకున్నాను. అప్పటికే పొద్దుట నుంచి పద్నాలుగు కాల్చాను. గాలి లోపలికి లాగగానే దగ్గు పట్టుకుంది. ఊదితే విజిల్‌లోంచి ఉమ్ము వచ్చింది గానీ చప్పుడు రాలేదు. మళ్ళీ ఊదాను, మళ్ళీ దగ్గు. ఆగమని చెయ్యెత్తాను. నువ్వు కానిమ్మన్నానని అనుకుని వంగావు.

అరవడానికి నాకు గొంతు లేదు. నీ వైపు రావడానికి కాళ్ళు లేవు. మిగతావాళ్ళు అప్పటికే చెవులు మూసుకుని గోడ కింద కూర్చున్నారు, ఎవరూ నా వైపు చూడలేదు. గోడ పట్టుకుని దగ్గుతూ నిలబడ్డాను. నువ్వు పరుగెత్తుకొచ్చి నా పక్కన కూలబడ్డావు. గట్టు వైపు చూపించాలని వేలెత్తాను. అప్పుడే పేలింది. అతని కాలు ఒక్కటే మన దగ్గరికి వచ్చి పడింది, బూటుతో సహా. నువ్వు చొక్కా విప్పి దాన్ని చుట్టావు.

"నాకు విజిల్ వినపడలేదు బావా" అన్నావు. అప్పుడు చెప్పి ఉండాలి. దగ్గు తగ్గింది, మాట వస్తోంది, చెప్పగలను. కానీ నా నోటి నుంచి, రెండు ఊదాను, మూడోదానికి నువ్వు ఆగలేదు అని వచ్చింది. ఆ తర్వాత నీకొక సిగరెట్ ఇచ్చి నేనొకటి వెలిగించుకున్నాను. నిన్ను కాపాడానని రెండేళ్ళుగా నువ్వు అంటుంటే వింటూ ఊరుకున్నాను. నేను నిన్ను కాపాడలేదు. నీ వెనక దాక్కున్నాను.

విజిల్ వినకుండా అంటించడం నీ తప్పే, కాదనను. కానీ ఆ మనిషిని చంపింది ఊదలేని నా ఊపిరి, ఆ తర్వాత నా నోరు. నీ ఊపిరితిత్తులు నువ్వు ఎవరికీ చెల్లించనక్కర్లేదు.

మీ అక్కకి ఇంకా చెప్పలేదు.

బావ

*

ఎముకల ఆసుపత్రి
మే 5

నువ్వు చావాలి. మంచం మీద మెల్లగా కాదు, నా చేతుల్లో. ఇక రాయకు.

*

క్వారీ షెడ్డు
జూలై 11

బావా,

రాయనని ఒట్టు పెట్టుకున్నాను. ఇప్పుడు అవసరం పడింది.

మే నెల చివర్లో నిన్ను చంపడానికి వచ్చాను. ఊరికే రాస్తున్న మాట కాదు. భుజానికి పట్టీ, మంచి చేతిలో గోనెగుడ్డ చుట్టిన ఇనుప కడ్డీ. మీ ఆసుపత్రిలో లిఫ్ట్ పాడైపోయి ఉంది. మెట్లెక్కాను. నీ వార్డు మూడో అంతస్తులో గదా, రెండో అంతస్తు దగ్గరే నా పని అయిపోయింది. కళ్ళు బైర్లు కమ్మాయి, పెదవులు తిమ్మిరెక్కాయి. మెట్టు మీద కూలబడి కుక్కలా రొప్పుతున్నాను. ఆక్సిజన్ సిలిండరు తోసుకుంటూ వెళ్తున్న ఒక ముసలాయన ఆగి, "ఏ వార్డు నాయనా నీది? నర్సును పిలవనా?" అన్నాడు. ఆ కడ్డీని ఊతకర్ర అనుకున్నాడు. అరగంట తర్వాత అదే ఊతగా మెట్లు దిగి వెళ్ళిపోయాను. నిన్ను చంపడానికి కూడా నాకు ఊపిరి మిగల్లేదు.

బస్టాండులో జేబులో ఉన్న పెట్టె తీసి కాలి కింద వేసి నలిపాను. ఇవాళ్టికి నలభై మూడు రోజులు. ఎలా ఉన్నానని అడక్కు. గోడను గుద్ది ఒక వేలు విరగ్గొట్టుకున్నాను, పడుకునే మంచం కోడు తన్ని విరగ్గొట్టాను. మనిషిని మాత్రం కొట్టలేదు. తీగల పెట్టె వచ్చింది. నేను బటన్ నొక్కుతున్నాను. మనవాళ్ళు నన్ను లిఫ్ట్ బాబాయ్ అంటున్నారు, అననీ.

పోయిన వారం డ్రిల్లరు భార్య దగ్గరికి వెళ్ళాను. బేకరీలో పనిచేస్తోంది. పొయ్యి ముందు నిలబడి ఉండగానే చెప్పేశాను. మీ ఆయన విజిల్ వినీ బయటికి వెళ్ళలేదమ్మా, అసలు విజిలే మోగలేదు, మోగిందో లేదో చూసుకోకుండా నేను అంటించాను, మోగిందని మా బావ అబద్ధం చెప్పాడు అని. పొయ్యిలోంచి రొట్టెలు తీసే పొడుగు చెక్క ఆవిడ చేతిలో ఉంది. దాంతో కొట్టింది. మొదటిది మెడ మీద, తర్వాత రేకు బిగించిన భుజం మీద, కింద పడ్డాక వీపు మీద. చెక్క విరిగింది. విరిగిన ముక్కతో కూడా కొట్టింది. పనివాళ్ళు ఆపబోతే వద్దన్నాను. ఆయన నిర్లక్ష్యంతోనే పోయాడని పిల్లలిద్దరికీ తనే చెప్పిందట. మీ నాన్నలా ఉండకండి, చెప్పిన మాట వినండి అని రెండేళ్ళుగా రోజూ చెప్పిందట. అది చెప్పినప్పుడు ఏడ్చింది. అంతకు ముందు ఏడవలేదు.

తర్వాత నీళ్ళిచ్చి నా మెడ మీద నెత్తురు తుడుచుకోమంది. మీ బావ ఎక్కడున్నాడని అడిగింది. చెప్పాను.

వచ్చే గురువారం ఆవిడ నీ దగ్గరికి వస్తోంది. పిల్లల్ని కూడా తీసుకొస్తానంది. నేను నిన్ను క్షమించలేదు, ఆ మాట ఆశించకు. అక్కకి ఇంకా తెలియదు, ఆ వేళకి తనను ఏదో పని మీద బయటికి పంపు.

బామ్మర్ది

*

నాలుగో వార్డు
జూలై 14

ఒరేయ్,

రమ్మను. పదకొండు లోపు రమ్మని చెప్పు. పొద్దున మందు పీల్చాక గంటసేపు నాకు మాట కాస్త వస్తుంది. ఆ గంటా ఆవిడకీ పిల్లలకీ దాచి ఉంచుతాను, బుధవారం మధ్యాహ్నం నుంచే ఎవరితోనూ మాట్లాడను.

మీ అక్కను బయటికి పంపను. తనూ వినాలి.

బావ